గోడమీది చతురస్రము

చిత్తరువనగా ఏదో యొకదాని పోలిక యని మనలో చాలమంది తలంపు. రాముని పటమైనను, తాతగారి ఛాయాపటమైనను, కొండల నడుమ సెలయేరైనను సరియే. గోడకు మేకు కొట్టి తగిలించినదానిలో గుర్తింపదగిన వస్తువొకటి యుండవలెను. అట్టి వస్తువేదియు లేక, ఎఱ్ఱని చతురస్రమో, నల్లని గీతలో మాత్రమే గల పటము కంటబడినచో "ఇది యేమి?" అని యడుగుట సహజము. పాఠశాలలో మేము నల్లబల్లమీద త్రిభుజము గీచినపుడు ఏ బాలుడును ఈ ప్రశ్న యడుగడు. త్రిభుజము త్రిభుజమే యని వాని కెఱుక. ఆ త్రిభుజమునే చట్రములో బిగించి ఇంటి చావడిలో వ్రేలాడదీసినచో పెద్దవారికి సయితము కోపము వచ్చును. ఆ కోపమునకు కారణము గీతలలో గాక, ఆ గీతలు గోడకెక్కుటలో నున్నదని మాకు దోచుచున్నది. కావున నైరూప్యచిత్రముల పుట్టుకను ఇంటిగోడ వైపునుండి పరిశీలింప బూనితిమి.

కళాచరిత్రకారులు ఈ కథను సామాన్యముగా ప్రదర్శనశాలలనుండి మొదలుపెట్టుదురు. మేము అద్దకపు తొట్టినుండి మొదలుపెట్టెదము. 1824లో పారిసునగరమందలి గోబెలెను చిత్రకంబళ్ల కర్మాగారమున అద్దకపుశాఖకు షెవ్రోల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అధికారిగా వచ్చెను. నీలము, ఊదా రంగుల నీడలలో వాడిన నల్లనూలు వెలవెలబోవుచున్నదనియు, రంగే చెడ్డదనియు ఆతనియొద్ద మొఱపెట్టిరి. ఆతడు నూలును పరీక్షించి చూడగా రంగులో దోషమేమియు లేదు. దోషము ప్రక్కనున్న నీలముది! ఒక వర్ణము తన పొరుగువర్ణమును తన ప్రతివర్ణము వైపునకు నెట్టునని ఆతడు కనుగొనెను. ఎఱుపు చెంతనున్న బూడిదరంగు రవంత ఆకుపచ్చగా గానవచ్చుట ఇందువలననే. 1839లో వెలువడిన ఆతని గ్రంథములో చిత్రలేఖనమునకే గాక గోడకాగితములకును, తివాచీలకును, స్త్రీల యుడుపులకును, పూలమళ్లకును, పటముల చట్రములకును సూత్రములు చెప్పబడినవి. అనగా, వర్ణశాస్త్రము గృహాలంకరణముతో కలిసియే పుట్టినది. దానిని ఇల్లు వేఱు, కళ వేఱు అని విడదీసినవారు వెనుకటివారు.

1911లో పారిసున సోనియా దెలొనే అను చిత్రకారిణి తన పసిబిడ్డకు గుడ్డముక్కలతో ఒక బొంత కుట్టెను. ఆమె ఉక్రెయిన్ దేశమున బుట్టి రష్యాలో బెరిగినది. అచటి పల్లెటూరి స్త్రీలు కుట్టు బొంతలు ఆమె యెఱిగినవే. ముక్కలన్నియు పేర్చి చూడగా అది వస్తురూప మేదియు లేని వర్ణచిత్రమై కన్పట్టెను. అటుపిమ్మట ఆమెయు, ఆమె భర్త రోబర్టు దెలొనేయును షెవ్రోల్ సూత్రముల నాధారముగా గొని వృత్తములతో, రంగుల చీలికలతో చిత్రములు వ్రాసిరి. ఆ బొంత పారిసులోని జాతీయ ఆధునిక కళాసంగ్రహాలయమునకు జేరినది. మన యిండ్లలోని బొంతల కట్టి భాగ్యము లేదు. అవి తొట్టిలోనే చిఱిగిపోవును.

కాండిన్‌స్కీ కథయు నిట్టిదే. ఆతడు న్యాయశాస్త్ర విద్యార్థిగా నుండగా 1889లో ఉత్తర రష్యాలోని వొలొగ్దా సీమకు, జానపదుల ఆచారములను పరిశీలించుటకై పోయెను. అచటి రైతుల కొయ్యయిండ్లలో పొయ్యిగోడలు, పెట్టెలు, అరలు అన్నియు రంగురంగుల అల్లికలతో నిండియుండెను. ఇంటిలో నడుగిడగా చిత్రములోనికే ప్రవేశించినట్లుండెనని ఆతడు పిమ్మట వ్రాసికొనెను. ముప్పది యేండ్ల వయస్సున ఉద్యోగావకాశము నొల్లక మ్యూనికునగరమునకు బోయి చిత్రలేఖనము నేర్చెను. 1911 చివర కళయందలి ఆధ్యాత్మికతను గుఱించి గ్రంథము ప్రకటించెను. అనీ బెసెంటు, లెడ్‌బీటరులు భావములకు వర్ణాకారములు గలవని వ్రాసిన పుస్తకము 1905లో వెలువడగా, దాని జర్మను ప్రతి ఆతనియొద్ద నుండెను. నాడు తెలుగు జిల్లాలకును ముఖ్యపట్టణమైన చెన్నపురి, అడయారులోని దివ్యజ్ఞానసమాజపు టాలోచనలు ఈ విధముగా యూరపు చిత్రశాలలకు జేరినవి. ఆ పుస్తకములోని శాస్త్రమును మేము నమ్మజాలము. అయినను తప్పుశాస్త్రమునుండి మంచిచిత్రములు పుట్టగూడదను నియమమేమియు లేదు.

ఇక మాలేవిచ్. 1915 డిసెంబరున పెట్రోగ్రాదునగరమున జరిగిన ప్రదర్శనములో ఆతడు తెల్లని నేలపై నల్లని చతురస్రము నొకదానిని, గది మూలలో, పైకప్పు చెంత, రెండుగోడలు గలియు చోట తగిలించెను. రష్యా దేశపు టిండ్లలో ఆ మూల సామాన్యమైనది గాదు. దానికి ఎఱ్ఱమూల యని పేరు. వారి భాషలో ఎఱుపునకును సౌందర్యమునకును మూలపదమొక్కటే. దేవతాపటములుండు నది, లోనికి వచ్చినవాడు ఇంటివారిని బలుకరింపక మునుపే ఆ మూలకు మ్రొక్కును. మన దేవుని గూటిలో పటమును దీసి నల్లని పలక నుంచినచో ఎట్లుండునో ఊహింపుడు. చూచినవారు దీని యర్థమును గ్రహింపకపోలేదు. దేవమాత పటమునకు మాఱుగా దీనిని నిలుపుచున్నారని బెన్వా అను విమర్శకుడు మండిపడెను. ఆతని కోపమునకు మేము నవ్వజాలము. ఆ చతురస్రమును ఊరక వింతగా జూచిపోయిన వారికంటె ఆతడే దానిని సరిగా జదివెను. 79.5 సెంటీమీటరుల భుజము గల ఆ పటము గొప్పతనము రంగులో గాని కొలతలో గాని లేదు, అది యున్న మూలలో నున్నది. తరువాత సోవియట్ ప్రభుత్వము ఇట్టి కళను నిరసించుటచే దశాబ్దులపాటు అది జనుల కంటబడలేదు. 1935లో మాలేవిచ్ మృతినొందినపుడు ఆతని తలవైపున గోడపై నల్ల చతురస్రము నుంచిరి. 2015లో మాస్కోలోని త్రెత్యకోవ్ చిత్రశాలవారు కిరణపరీక్షచేసి, ఆ నలుపు క్రింద మఱి రెండు చిత్రములు దాగియున్నవని ప్రకటించిరి.

స్వీడను దేశస్థురాలు హిల్మా అఫ్ క్లింట్ 1906 నుండియే వస్తురహితములైన చిత్రములను, కొన్నిటిని రెండు నిలువులకు దగ్గరపడు నెత్తున, వ్రాసెను. వానికి ఇల్లు గాదు, దేవాలయము కావలెనని యామె కోరిక. అది కట్టబడలేదు. 1944లో ఆమె చనిపోయినది. తాను పోయిన యిరువదియేండ్లవఱకు ఆ చిత్రములను ఎవరికిని జూపరాదని యామె నిర్ణయము.

మోండ్రియాన్ హాలండు దేశస్థుడు. 1909లో దివ్యజ్ఞానసమాజమున జేరినవాడు. క్రమముగా చెట్టును కొమ్మలుగా, కొమ్మలను గీతలుగా జేసి, 1920 ప్రాంతమునకు నిలువు అడ్డు గీతలు, ఎఱుపు పసుపు నీలములు, తెలుపు నలుపు బూడిదరంగులు తప్ప తక్కినవన్నియు విడిచెను. పారిసున 1921 నుండి 1936 వఱకు ఆతడు నివసించిన గది గోడలపై రంగు అట్టముక్కలు గ్రుచ్చి, దినదినము వాని స్థానములు మార్చుచుండెను. బల్లపై కృత్రిమమైన పూవొకటి. దాని యాకు పచ్చగా నుండుట సహింపక తెల్లరంగు పూసెను. పచ్చదనముపై ఇంత పగ మాకు నచ్చలేదు గాని, పటము గోడలో నొక భాగమనియు, గోడ గదిలో నొక భాగమనియు ఆతడు నమ్మినట్లు మఱెవరును నమ్మలేదు. చట్రము చిత్రమును బావిలోనికి ద్రోయునని తలచి, చిత్రమునే చట్రముకంటె ముందునకు దెచ్చి బిగించెను.

ఆతని మిత్రబృందములోని రీట్‌వెల్ట్ 1924లో ఉట్రెక్టు నగరమున ష్రోడర్ అను వితంతువునకును, ఆమె ముగ్గురు పిల్లలకును ఇల్లు కట్టెను. ఇందలి మేడ పగలు ఒకే చావడి. రాత్రి జరుపుడు తలుపులు వేసినచో వేర్వేఱు పడకగదులు. నేలకు సయితము ఎఱుపు, బూడిద, నలుపు రంగుల పలకలే. నిబంధనలకు లొంగనందున ప్లానులో ఆ మేడను అటుకని చూపిరి. ఆమె 1985లో మరణించువఱకు ఆ యింటనే నివసించెను. చిత్రమును ఇంటిలో దగిలించుటకు మాఱుగా ఇంటినే చిత్రముగా జేసి, పిల్లలతో అందు సంసారము సాగించిన ఆమె ధైర్యమును చరిత్రకారులు తగినంత మెచ్చలేదు.

ఈ కళ మన దేశమునకు వచ్చిన దినమును గలదు. 1922 డిసెంబరున కలకత్తాలో ప్రాచ్యకళాసంఘము వారి ప్రదర్శనములో కాండిన్‌స్కీ, క్లే మున్నగువారి చిత్రములు జర్మనీనుండి వచ్చి చూపబడినవి. దానికి బాటుపడిన వారిలో ముఖ్యురాలు స్టెల్లా క్రామ్రిష్. కొలదియేండ్లకే విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రమును ఆంగ్లము చేసినదియు నామెయే. గృహములందు శృంగార హాస్య శాంత రసముల చిత్రములనే యుంచవలెననియు, తక్కినవి రాజసభలకు, దేవాలయములకు దగుననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. వస్తువే లేనిచోట ఆలంబన మెక్కడ, రసమెక్కడ యని పండితు లడుగవచ్చును. భరతుడు రసములకు వర్ణములు చెప్పెను గదా: రౌద్రమునకు ఎఱుపు, అద్భుతమునకు పసుపు, బీభత్సమునకు నీలము. ఆ లెక్కను మోండ్రియాన్ పటము ఏ యింటికిని పనికిరాదు! కాని మూడు రంగులు ఒండొంటిని తూచుకొని నిలిచిన ఆ పటమెదుట కొంతసేపు గూర్చున్నవారికి కలుగునది రౌద్రము గాదు, శాంతమే యని మా యనుభవము. మన ముగ్గులును ఇవియు నొక్కటే యనువారితో మాత్రము మేము ఏకీభవింపము. ముగ్గు ప్రతి యుదయము చెఱిగి మరల బుట్టును. దానిని వేయు చేయికి తెలిసిన సంతోషము చట్రమునకు దెలియదు.

ఇప్పుడీ చిత్రముల అచ్చుప్రతులు దుకాణములలో చౌకగా దొరకుచున్నవి. కొనువారు దిండ్లరంగునకు సరిపడునదానిని ఏరుకొనుట చూచుచున్నాము. పటముకొఱకు గోడను మార్చుటకు గాక, గోడకొఱకు పటమును దెచ్చుట ఇది. మాలేవిచ్ మూలలో జేసిన సాహసమునకు నేరుగా విరుద్ధము. ఒక పటమును తగిలింపదలచినవారు బంగారుపూత చట్రమును మానుదురుగాక. షెవ్రోల్ మాట దలచి, గోడరంగు పటములోని తెలుపునేమి చేయుచున్నదో పగటివెలుగున జూతురుగాక. మోండ్రియాన్ తెలుపు లన్నియు నొక్క తెలుపు గావు.

ఏది పైవైపో తెలిసికొనుటయు సులభముగాదు. రంగుల అంటుపట్టీలతో 1941లో మోండ్రియాన్ చేసిన న్యూయార్కు నగరచిత్ర మొకటి 1945 నుండి తలక్రిందుగా ప్రదర్శింపబడుచున్నదని, ఆతని చిత్రశాలలో దీసిన పాత ఛాయాపటమును జూచి 2022లో జర్మనీయందలి డ్యూసెల్‌డోర్ఫు సంగ్రహాలయమువారు గుర్తించిరి. త్రిప్పినచో ఆ పాత పట్టీలు ఊడివచ్చునను భయమున దానిని అట్లే యుంచ నిశ్చయించిరి.