పద్మిని బ్రేకులు, టాక్సీవాళ్ళ పుణ్యం

పాత కార్లు బాగు చేయించుకునేవాళ్ళ కబుర్లు ఎప్పుడైనా విన్నారా? రంగు ఎక్కడ వేయించారు, బంపరుకి క్రోమియం పూత ఎవరు పెట్టారు, సీట్లు కుట్టిందెవరు... ఇవే. బండి మెరవడం గురించీ, కదలడం గురించీ గంటలు గంటలు మాట్లాడతారు. ఆగడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

నేనీ బ్రేకుల గొడవలో పడడానికి కారణం మా బాబాయి. ఆయన దగ్గర 1978 నాటి ప్రీమియర్ పద్మిని ఒకటుంది. ఏళ్ళ తరబడి షెడ్డులో పడున్న బండిని మళ్ళీ రోడ్డెక్కించాలని పట్టు పట్టాడు. ఇంజను వారంలో పలికింది. బ్రేకులకి మూణ్ణెల్లు పట్టింది. ఆ మూణ్ణెల్లూ సామాను కోసం తిరిగాక నాకర్థమైంది ఏంటంటే, పాత బండికి సామాను దొరకడం, దొరక్కపోవడం అదృష్టం మీద ఆధారపడదు. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పద్మిని బ్రేకు సామాను అడిగితే, నాలుగు కొట్లు తిరిగాకైనా ఏదో ఒకటి దొరికింది. అక్కడే స్టాండర్డ్ 2000 కారుకి అడిగి చూశాను. తల అడ్డంగా ఊపారు. నిజానికి అది పద్మిని కన్నా తర్వాతిది. మద్రాసులో 1985లో మొదలై 1988లో ఆగిపోయింది. పాత బండికి దొరికి, దాని తర్వాతొచ్చిన బండికి దొరక్కపోవడం ఏంటి?

కాస్త వెనక్కెళ్దాం. తొలినాటి కార్లకి బ్రేకులంటే ఇనుప కడ్డీలు, తీగలు. చాలావాటికి వెనక చక్రాలకే ఉండేవి. కడ్డీ విరిగితే ఏ కమ్మరి దగ్గరికెళ్ళినా ఇంకోటి కొట్టిచ్చేవాడు. తర్వాత మాల్కం లాకీడ్ అనే అమెరికన్ నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులు తయారుచేశాడు. అవును, లాకీడ్ విమానాల కుటుంబమే. 1921 డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులొచ్చాయి. 1924లో క్రైస్లర్ వాటిని మామూలు కొనుగోలుదారుడి దాకా తెచ్చింది. ఫోర్డు మాత్రం 1939 మోడల్ దాకా కడ్డీలనీ తీగలనీ వదల్లేదు.

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నూనెని గొట్టాల్లోకి తోస్తుంది. ప్రతి చక్రం దగ్గరా ఉన్న చిన్న సిలిండర్ బ్రేకు షూలని డ్రమ్ముకి ఒత్తుతుంది. మధ్యలో నూనె కారకుండా ఆపేది ఒక చిన్న రబ్బరు కప్పు. అంతే. కానీ ఈ మార్పుతో కమ్మరి పక్కకి తప్పుకున్నాడు. ఇక్కణ్ణుంచి అంతా కొలత. అర మిల్లీమీటరు తేడా వస్తే బండి ఆగదు.

ఇక మన దేశానికొద్దాం. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో కార్లు బిగించడం మొదలెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం, విడి భాగాలు తెచ్చి బిగించడం కుదరదు, ఇక్కడే తయారుచెయ్యాలి అంది. 1954కల్లా ఆ కంపెనీ సర్దుకుంది. కార్లలో ప్రధానంగా మిగిలినవి హిందుస్తాన్ మోటార్స్, ప్రీమియర్, స్టాండర్డ్. కారు ఇక్కడ తయారవ్వాలంటే దాని బ్రేకులూ ఇక్కడే తయారవ్వాలిగా. అలా టీవీఎస్ వాళ్ళు ఇంగ్లాండుకి చెందిన గర్లింగ్‌తో కలిసి 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా పెట్టారు. బ్రేకు తయారుచెయ్యడం తెలిసిన పనివాళ్ళు, లేతులు, రబ్బరు అచ్చులు ఈ దేశంలో పెరిగింది ఆ రోజుల్లోనే.

ప్రీమియర్ వాళ్ళు 1964లో ఫియట్ 1100 డిలైట్ తయారీ మొదలెట్టారు. అదే 1972లో ప్రెసిడెంట్, 1974లో పద్మిని అయ్యింది. ఇటలీలో ఫియట్ వాళ్ళు 1966లోనే దాని తర్వాతి మోడల్ దించి, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టేశారు. ఆ అప్‌డేట్ మనదాకా రాలేదు :) మన పద్మిని డ్రమ్ములతోనే 2001 దాకా నడిచింది. మన భాషలో చెప్పాలంటే, పాత వెర్షన్‌ని ఫోర్క్ చేసి 37 ఏళ్ళు మెయింటైన్ చేశారు. లైసెన్సు రాజ్యాన్ని ఎంత తిట్టుకున్నా తక్కువే. కారు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరం మన పెద్దవాళ్ళది. కానీ అదే గడ్డకట్టిన కాలం వల్ల, చిన్న చిన్న మార్పులు తప్ప, అవే భాగాలు దశాబ్దాల పాటు తయారవుతూ వచ్చాయి.

అయినా అసలు పుణ్యం బొంబాయి టాక్సీవాళ్ళది. సొంత కారున్నవాడు బ్రేకు లైనర్లు ఎప్పుడో గానీ మార్చడు. టాక్సీ రోజంతా సిగ్నళ్ళ మధ్య ఆగుతూ, కదులుతూ ఉంటుంది కాబట్టి దానికి లైనర్లూ, రబ్బరు కప్పులూ ఎప్పుడూ కావాల్సిందే. చిన్న చిన్న తయారీదార్లు బతికింది ఆ గిరాకీ మీదే. పాత కార్లని మన ప్రేమే కాపాడిందనుకుంటాం గానీ, కాపాడింది రోజు కూలి కోసం స్టీరింగు పట్టుకున్నవాళ్ళు. మూడేళ్ళే తయారైన స్టాండర్డ్ 2000కి ఆ సైన్యం లేదు.

ఇప్పుడా సైన్యం పద్మినికి కూడా లేదు. ముంబైలో చివరి పద్మిని టాక్సీ రిజిస్టరయ్యింది 2003 అక్టోబరులో. అక్కడ టాక్సీలకి 20 ఏళ్ళ పరిమితి. కాబట్టి 2023 అక్టోబరుతో ఆ కథ ముగిసింది. అంటే అసలు వాడుకరులు వెళ్ళిపోయారు. మిగిలింది మా బాబాయి లాంటి అభిమానులు.

"అయితే ఇప్పుడే నాలుగు సెట్లు కొని దాచుకుంటే సరి" అనిపిస్తుంది. బంపరైతే అది సరైన ఆలోచనే. బ్రేకుకి కాదు. సీలు తియ్యని పాత డబ్బా ఒకటి మాకు దొరికింది. సిలిండర్ కొత్తదానిలాగే మెరుస్తోంది. లోపల కప్పు వేలితో నొక్కితే పగుళ్ళిచ్చింది. రబ్బరు డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. పాత స్టాకులో ఇనుము వాడుకోవచ్చు, రబ్బరు మాత్రం పారెయ్యాల్సిందే. బ్రేకు నూనె కూడా అంతే, గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హామీ 155 డిగ్రీలే. ఘాటు దిగేటప్పుడు నూనె మరిగి బుడగలు కడితే పెడల్ నేలకంటుకుంటుంది.

రాణిగంజ్‌లో ఎవరిని అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "సాంపిల్ తెచ్చిన్రా సార్?" మొదట్లో విసుగొచ్చింది గానీ తర్వాత ఆ ప్రశ్న విలువ తెలిసింది. పాత ఇంగ్లీషు బండ్ల బ్రేకు గొట్టాల మరలు సాధారణంగా 3/8 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. ఇటలీ బండ్లవి 10 మి.మీ., చుట్టు చుట్టుకీ 1 మి.మీ. 3/8 అంగుళం అంటే 9.5 మి.మీ. చూడ్డానికి రెండూ ఒకటే. ఇంగ్లీషు మర ఇటలీ రంధ్రంలోకి దూరుతుంది, బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా తొక్కిన రోజున ఊడుతుంది. అలాగే 3/4 అంగుళం సిలిండర్ బదులు 7/8 వేస్తే వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. ఒక పక్క అదీ, రెండో పక్క ఇదీ ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగేస్తుంది.

కొలత తెలిస్తే మాత్రం దార్లు చాలా ఉన్నాయి. అరిగిన సిలిండర్ లోపల ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ స్లీవు వేయించి అసలు కొలతకి తేవచ్చు. పాత షూలకే కొత్త లైనర్లు వేయించవచ్చు. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, నోటితో ఊదకండి. కప్పు కూడా "పద్మినిదుందా?" అని కాకుండా "ఈ కొలతది, ఈ ఆకారంది, బ్రేకు నూనెకి తట్టుకునేదుందా?" అని అడిగితే, వేరే బండి పేరున్న డబ్బాలోంచి కూడా సరిపోయేది రావచ్చు.

అందుకే నేననేదేంటంటే, దాచుకోవాల్సింది సామాను కాదు, కొలతలు. సిలిండర్ల లోపలి వ్యాసం, మరల లెక్క, డ్రమ్ము వ్యాసం, షూ వెడల్పు, కప్పు ఆకారం. బండి విప్పినప్పుడే వెర్నియర్‌తో కొలిచి, ఫోటోతో సహా రాసి పెట్టండి. ఇన్నాళ్ళూ ఆ కొలతలు కొట్టు గల్లాపెట్టె వెనక కూర్చున్న పెద్దాయన తలలో, సిలిండర్ చూసి చెప్పగలిగే మెకానిక్ వేళ్ళలో ఉన్నాయి. డాక్యుమెంటేషన్ లేకుండా సీనియర్లు వెళ్ళిపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన దగ్గర ఆగిపోయేది సర్వరే. ఇక్కడ బండి ఆగదు.