చేపల తొట్టిలో తోడు

మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పుట్టినరోజుకి రెండడుగుల చేపల తొట్టి కొన్నాం. ఆరు గోల్డ్‌ఫిష్‌లు, ఒక మూల స్పాంజి ఫిల్టరు, దానికో బుడగల మోటారు. మూడు నెలలు హాయిగా తిరిగాయి. దసరాకి ఇల్లంతా దులుపుతూ ఆ ఫిల్టరు కూడా బయటికి తీశాను. నల్లగా, జిగురుగా ఉంది. కుళాయి కింద పెట్టి పిండి పిండి కొత్తదానిలా చేశాను. అక్కడితో ఆగానా! గులకరాళ్ళు బకెట్లో పోసి కడిగి, నీళ్ళన్నీ మార్చేశాను. తొట్టి అద్దంలా మెరిసింది. వారం తిరక్కుండా ఆరు చేపలూ పోయాయి. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఖాళీ తొట్టి తీసుకెళ్ళి బాల్కనీలో బోర్లించాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు వాడు హాస్టల్లో ఉండి ఇంజినీరింగు చదువుతున్నాడు. మావారేమో హాలుకీ భోజనాల బల్లకీ మధ్య అయిదడుగుల తొట్టి పెడదామంటున్నారు. అందులో పట్టే నీళ్ళే నాలుగు వందల లీటర్లు. "పెట్టండి, ఫిల్టరు మాత్రం నేను చూస్తాను" అన్నాను. ఒక షాపులో ఒకటి, ఇంకో షాపులో ఇంకొకటి గొప్పదన్నారు. ఇలా కాదని, అసలు ఈ ఫిల్టర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చదువుదామని కూర్చున్నాను. చదివితే అది ఒక తండ్రీకొడుకుల కథ అయింది.

దానికి ముందు ఒక ఇల్లాలి ముచ్చట చెప్పాలి. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ సముద్రపు ఒడ్డు నుంచి పగడపు జీవుల్ని లండనులోని తమ ఇంటికి తెచ్చి గాజు పాత్రల్లో పెంచింది. నీళ్ళు పాడైపోకుండా ఆవిడ చేసిన ఉపాయం ఏమిటంటే, పనమ్మాయిని కిటికీ దగ్గర నిలబెట్టి, ఆ నీళ్ళని గాలి తగిలేలా ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయించడం. రోజూ అరగంట, ముప్పావుగంట! మనం టీ చల్లార్చినట్టు. ఆనా థిన్ పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. నేను చదివినంతలో ఆ పిల్ల పేరు మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఇవాళ మన తొట్లలో బుడబుడలాడే మోటారు చేసేది ఆ పిల్ల చేసిన పనే.

ఇక తండ్రి. రాబర్ట్ వారింగ్టన్ లండనులో మందుల తయారీదారుల సంఘంలో రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన పన్నెండు గాలన్ల గాజు తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లని, రిబ్బన్లలాంటి ఆకులుండే వాలిస్నేరియా అనే నీటి మొక్కని పెట్టాడు. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప బతుకుతుంది. లెక్క సరిపోయినట్టే ఉంది. కానీ రాలిన ఆకులు కుళ్ళి నీళ్ళు మురిగాయి. అప్పుడు చెరువు నత్తల్ని తెచ్చి వేస్తే అవి ఆ కుళ్ళు తినేశాయి, వాటి గుడ్లు చేపలకి మేత అయ్యాయి. ఈ సంగతి 1850లో రసాయన శాస్త్ర సంఘానికి రాశాడు. నాలుగేళ్ళకి ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అన్న పేరు అందరి నోటా పడి, ఇంగ్లండులో గాజు తొట్ల మోజు పట్టుకుంది.

మొక్క, చేప, నత్త ఉంటే చాలు, తొట్టి తనను తనే చూసుకుంటుందని నమ్మారు. చాలామంది తొట్లలో చేపలు చచ్చిపోయాయి. ఎందుకో వాళ్ళకి తెలియలేదు, వారింగ్టనుకీ తెలియలేదు. ఆయన 1867లో పోయాడు.

కారణం తెలియకపోయినా దారి పట్టుకున్నవాడు విలియం లాయిడ్. 1871లో లండను క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర తెరిచిన పెద్ద అక్వేరియం ఆయన చేతి పనే. జనం చూసే తొట్లలోకన్నా ఎన్నో ఎక్కువ నీళ్ళు నేల కింద చీకట్లో దాచి, ఆవిరి యంత్రాలతో రాత్రీ పగలూ తిప్పాడు. ఇవాళ తొట్టి కింది బీరువాలో పెట్టే 'సంపు'కి ముత్తాత అదే. (మునిసిపాలిటీ నీళ్ళు పట్టే మన ఇంటి సంపు కాదు. ఆ మాట విని మావారు గుమ్మం ముందు తవ్వించాలేమోనని కంగారు పడ్డారు.)

తాళం చెవి దొరికింది మాత్రం మురుగునీళ్ళ దగ్గర. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు పొడవాటి గాజు గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి మురుగునీటిని మెల్లగా కారనిచ్చారు. ఇరవై రోజుల పాటు నీళ్ళలోని అమ్మోనియా అలాగే ఉంది. ఆ తర్వాత అది నైట్రేటుగా మారిపోవడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే ఆగిపోయింది. కాస్త మట్టి కలిపిన నీళ్ళు పోస్తే మళ్ళీ మొదలైంది! అంటే ఆ పని చేస్తున్నది ఇసుక కాదు, ఇసుకని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు. అది చదువుతూ నేను పైకే అనేశాను, ఇది తోడు పెట్టడమే కదా అని.

ఈ కబురు అందుకుని ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పొలాల్లో ఏళ్ళ తరబడి పరిశోధన చేసినవాడి పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. తొట్టి పెట్టిన వారింగ్టను కొడుకు. తండ్రి ఆ ప్రయోగం చేసేనాటికి పదీ పన్నెండేళ్ళ పిల్లాడు. అమ్మోనియాని ఒక జాతి నైట్రైటుగా మారుస్తుందనీ, దాన్ని ఇంకో జాతి నైట్రేటుగా మారుస్తుందనీ అతను తేల్చాడు. అమ్మోనియా, నైట్రైటు రెండూ చేపకి విషాలే. నైట్రేటు కొద్దిపాటి ఉంటే తట్టుకుంటుంది. ఆ జీవుల్ని విడదీసి చూపించడం మాత్రం అతని వల్ల కాలేదు. 1890లో జూరిచ్‌లో వినోగ్రాడ్‌స్కీ చూపించాడు. మామూలు సూక్ష్మజీవులకి పెట్టే పోషకాలు వీటికి సరిపడవట, అమ్మోనియా లవణాలే ఆహారమట. కొడుకు చూసింది పొలాల మట్టిలో. కానీ నాన్న తొట్టిలో, ఆ గులకల మీద, గాజు గోడల మీద పని చేసినవీ అవే.

నేను దసరాకి కుళాయి కింద పిండి పారబోసిన ఆ నల్లటి జిగురు అదన్నమాట. మిగిలిన వాటిని కుళాయి నీళ్ళలోని క్లోరిన్ చంపి ఉంటుంది. క్లోరిన్ చేపలకీ మంచిది కాదు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి ముంచి పిండాలట.

ఇంత తెలిశాక ఫిల్టరు ఎంచడం పెద్ద కష్టం కాలేదు. నీళ్ళు ఎంత తేటగా కనిపిస్తాయని కాదు, ఆ జీవులకి ఎంత చోటుంది, ఎంత గాలి అందుతుంది అని అడగడం మొదలుపెట్టాను. తొట్టి అంచుకి తగిలించేవి నాలుగు వందల లీటర్లకి చాలవు. మూత బిగించిన డబ్బాలా ఉండే కానిస్టరు బాగుంటుంది, చప్పుడు చెయ్యదు, చోటు తినదు. కానీ మా వీధిలో ఎండాకాలం కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. మూసిన డబ్బాలో నీళ్ళు గంటల తరబడి నిలిస్తే గాలాడక లోపలివి చచ్చిపోతాయి. కరెంటు రాగానే ఆ కుళ్ళు నీళ్ళు నేరుగా చేపల మీదికి వస్తాయి. అందుకని సంపు పెట్టించాను. పైన మూతలేదు, గాలి తగులుతుంది, పింగాణీ గొట్టాల ముక్కలు బోలెడు పడతాయి. మోటారు ఆగితే తొట్టి పైభాగం నీళ్ళు కిందికి దిగుతాయి కాబట్టి సంపులో కొంత ఖాళీ వదిలాం. లేకపోతే హాలు చెరువే. తొట్టి నీళ్ళు గంటకి నాలుగైదు సార్లు తిరగాలి, అంటే రెండు వేల లీటర్లు. కింది నుంచి నాలుగడుగులు ఎత్తి పోస్తే మోటారు పెట్టె మీద రాసినంత ఇవ్వదు, అందుకని మూడు వేల లీటర్లది తీసుకున్నాం. దీనికి తోడు ఒక మూల మామూలు స్పాంజి ఫిల్టరు, దాని బుడగల మోటారు ఇన్వర్టరు మీద. ఆ పనమ్మాయి మా ఇంట్లో ఇలా ఉంటుంది.

తొట్టి నిండి నెలరోజులైంది. చేపల్లేవు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "చేపలేవండీ?" అంటారు. పై ఫ్లోర్ వాళ్ళ పాత తొట్టిలోంచి నల్లటి స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి సంపులో వేశాను. రోజూ చిటికెడు చేపల మేత కూడా వేస్తున్నాను, అది కుళ్ళి అమ్మోనియా రావాలి కదా. వారానికి రెండుసార్లు చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కల మందు వేసి రంగు చూస్తున్నాను. మొదట ముదురు ఆకుపచ్చ వచ్చేది. నిన్న రాత్రి లేత పసుపు వచ్చింది. అమ్మోనియా సున్నా. నైట్రైటు గొట్టంలో మాత్రం ఇంకా కొంచెం ఊదా ఉంది.

అబ్బాయికి ఫోటో తీసి పంపాను. "ఇంకో రెండు వారాలు ఆగమ్మా, సంక్రాంతికి నేనొచ్చాక చేపలు తెద్దాం" అని మెసేజి పెట్టాడు. కాసేపాగి ఇంకోటి వచ్చింది. "బాల్కనీలో ఆ చిన్న తొట్టి ఉందా, పారేశావా?"

ఉంది.