థైమస్‌లో ఇంటర్‌ఫెరాన్ సంకేతాలు

థైమస్ (బాలగ్రంథి) రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగాన ఉంటుంది. పసిపిల్లల ఛాతీ ఎక్స్‌రేలో ఒక్కోసారి తెరచాపలా కనిపించే నీడ దీనిదే. రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ-కణాలు ఇక్కడే తర్ఫీదు పొందుతాయి. ఇంత ముఖ్యమైన గ్రంథి పని 1961లో జాక్ మిల్లర్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

వైరస్‌లను అడ్డుకునే ప్రొటీన్ అయిన ఇంటర్‌ఫెరాన్‌ను ఐజాక్స్, లిండెన్‌మన్ 1957లో గుర్తించారు. మామూలుగా వైరస్ సోకితేనే కణాలు దీన్ని విడుదల చేస్తాయి. థైమస్ లోపలి పొరలోని కణాలు మాత్రం ఏ జబ్బూ లేకపోయినా తయారుచేస్తూనే ఉంటాయి. ఇదే అసలు విశేషం. ఆ సంకేతం అందిన కణాల్లో, వైరస్ సోకినప్పుడే ఎక్కువగా పనిచేసే జన్యువులు కూడా మేల్కొంటాయి. అలా పుట్టే సొంత ప్రొటీన్లను ఎదిగే టీ-కణాలు ముందే చూస్తాయి. వాటిపై దాడికి దిగే కణాలు చాలావరకు అక్కడే ఏరివేతకు గురవుతాయి.

ఈ తర్ఫీదుకు కీలకమైన ఎయిర్ జన్యువు దెబ్బతిన్నవారిలో దాదాపు అందరికీ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు పుడతాయి. ఎయిర్ లోపం లేనివారిలోనూ అవి ఉండవచ్చు. 2020లో ప్రాణాపాయ స్థితిలోని 987 మంది కోవిడ్ రోగులను పరీక్షిస్తే, 101 మందిలో అలాంటివి కనిపించాయి; వారిలో 95 మంది మగవారు.