సహాయకుడి పేరు ఏ రిజిస్టర్లో ఉంది? ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ లైసెన్సు చరిత్ర, మన లెక్క

ఈసారి కాస్త పెద్ద వ్యాసం. ఓపిగ్గా చదవండి, ఇంట్లో వైద్య రంగంలో ఉన్న పిల్లలకు కూడా చదివించండి.

చెన్నై, బెంగళూరు, షోలాపూర్, బరంపురం, యానాం, ఎక్కడ చూసినా మనవాళ్ళ పిల్లల్లో ఫిజియోథెరపీ వైపు వెళ్ళేవాళ్ళు కనిపిస్తున్నారు. అమెరికా వెళ్ళినవాళ్ళు అక్కడి 'ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్' ఉద్యోగం గురించి అడుగుతున్నారు. వింటున్న పెద్దవాళ్ళకు ఒక సందేహం: "అసిస్టెంటేగా! దానికి మళ్ళీ సర్కారు లైసెన్సు, రెండేళ్ళకోసారి రెన్యువల్ ఎందుకు?" ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో దొరుకుతుంది. అది అమెరికాలో మొదలైనా, మన వేలూరు మీదుగా మన ఇళ్ళ దాకా వస్తుంది.

ముందు అమెరికా సంగతి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్ళూ చేతులూ దెబ్బతిన్న సైనికులకు కసరత్తులు, మర్దన, నీటి చికిత్స చేయడానికి అక్కడి సైన్యం ఆడవాళ్ళను చేర్చుకుని శిక్షణ ఇచ్చింది. వాళ్ళకు పెట్టిన పేరు 'పునర్నిర్మాణ సహాయకులు'. ఇవాళ థెరపిస్ట్ అని గౌరవంగా పిలుస్తున్న వృత్తి అక్కడ సహాయకుల పేరుతోనే మొదలైందన్నమాట. 1921లో వాళ్ళు సొంత సంఘం పెట్టుకున్నారు. మేరీ మెక్‌మిలన్ మొదటి అధ్యక్షురాలు. ఆ తర్వాత చదువు పెరిగింది, పరీక్షలు వచ్చాయి, రాష్ట్రాలు ఒక్కొక్కటే చట్టాలు చేశాయి. సహాయకులుగా వచ్చినవాళ్ళు థెరపిస్టులయ్యారు.

తర్వాత పోలియో వచ్చింది. 1952 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో దాదాపు 58 వేల కేసులు నమోదయ్యాయి. 1955లో టీకా వచ్చి ఆ భయం తగ్గింది గానీ, 1965లో మెడికేర్ చట్టంతో 65 ఏళ్ళు దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య బీమా దొరికింది. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు చికిత్స కోసం ఆసుపత్రులకు వచ్చారు. థెరపిస్టులు చాలలేదు. అప్పటికే ఆసుపత్రుల్లో పని చూసి పని నేర్చుకున్న సహాయకులు ఉన్నారు. అయితే ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో రకం శిక్షణ. ఒకచోట పదేళ్ళు పనిచేసిన మనిషి ఊరు మారితే మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడాల్సిందే. చేతిలో పని ఉంది, దానికి సాక్ష్యం మాత్రం పాత యజమాని మాట ఒక్కటే.

1967లో అక్కడి ఫిజికల్ థెరపీ సంఘం ఒక నిర్ణయం తీసుకుంది. సహాయకుడికి ప్రత్యేకమైన చదువు, ప్రత్యేకమైన హోదా ఉండాలని తీర్మానించింది. 1969లో ఫ్లోరిడాలోని మయామీ డేడ్ కళాశాల, మినియాపొలిస్‌లోని సెయింట్ మేరీ కళాశాల, ఈ రెండిటి నుంచీ కలిపి 15 మంది మొదటి జట్టుగా బయటికి వచ్చారు. పదిహేను మందే! ఈ రోజు 50 రాష్ట్రాల్లోనూ అసిస్టెంట్లు ఏదో ఒక రూపంలో ప్రభుత్వ నియంత్రణ కిందే పనిచేస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలో వైద్య వృత్తుల లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, కేంద్రం కాదు. 1889లో డెంట్ అనే వైద్యుడికీ వెస్ట్ వర్జీనియా రాష్ట్రానికీ మధ్య నడిచిన కేసులో, చికిత్స చేసేవాళ్ళ అర్హతను నిర్ణయించే అధికారం రాష్ట్రానికి ఉందని వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చింది. ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ లైసెన్సు కూడా అదే దారిలో నడుస్తుంది.

లైసెన్సు ఎలా వస్తుంది? గుర్తింపు పొందిన కళాశాలలో సుమారు రెండేళ్ళ కోర్సు చదవాలి. తరగతి గది చదువుతోపాటు ఆసుపత్రిలో పని నేర్చుకోవడం అందులో భాగం. తర్వాత జాతీయ పరీక్ష రాయాలి. అది ఏడాదికి నాలుగుసార్లు, ముందే ప్రకటించిన తేదీల్లో జరుగుతుంది. 200 నుంచి 800 వరకు ఉండే కొలమానంలో 600 వస్తే ఉత్తీర్ణత. పన్నెండు నెలల్లో మూడుసార్లు, జీవితం మొత్తం మీద ఆరుసార్లు మాత్రమే రాయనిస్తారు. చాలా రాష్ట్రాలు వేలిముద్రలు తీసుకుని నేర చరిత్ర చూస్తాయి. కొన్ని ఆ రాష్ట్ర చట్టం మీద ఇంకో పరీక్ష పెడతాయి. మన దేశంలో ఫిజియోథెరపీ డిగ్రీ ఉన్నంత మాత్రాన ఈ లైసెన్సు నేరుగా చేతికి రాదు. ఏ రాష్ట్రంలో ఉండబోతున్నారో ఆ రాష్ట్ర బోర్డు నియమాలు ముందే చదువుకోవాలి.

లైసెన్సు వచ్చాక ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నది కూడా చట్టమే చెబుతుంది. రోగిని మొదట పరీక్షించి చికిత్స పద్ధతిని నిర్ణయించేది థెరపిస్ట్. ఆ పద్ధతి ప్రకారం నడిపించడం, కసరత్తు చేయించడం, మార్పును గమనించి రాసిపెట్టడం అసిస్టెంట్ పని. రోగికి తేడా చేస్తే సొంతంగా పద్ధతి మార్చకూడదు, థెరపిస్టుకు చెప్పాలి. ఈ గీత అసిస్టెంటును తక్కువ చేస్తుందని కొందరు అనుకుంటారు. మాకు మాత్రం అది రక్షణగానే కనిపిస్తుంది. తన పరిధి దాటిన పని చేయమని యజమాని ఒత్తిడి పెడితే "చట్టం ఒప్పుకోదండీ" అనగలిగే బలం ఆ గీత నుంచే వస్తుంది.

ఇక రెన్యువల్. కాలిఫోర్నియాలో రెండేళ్ళకోసారి, పుట్టిన నెల చివరి రోజుకు లైసెన్సు గడువు ముగుస్తుంది. ఆలోగా 30 గంటల కొత్త చదువు పూర్తిచేయాలి. టెక్సాస్‌లో అసిస్టెంటుకు రెండేళ్ళకు 20 యూనిట్లు. న్యూయార్క్‌లో మూడేళ్ళకు 36 గంటలు. గడువు దాటితే ఎంత అనుభవం ఉన్నా రోగి మీద చెయ్యి వేయకూడదు. 2018 నుంచి కొన్ని రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని, ఒక రాష్ట్రం లైసెన్సు ఉన్నవాళ్ళకు మరో రాష్ట్రంలో పనిచేసే వీలు ఇస్తున్నాయి. అంటే సరిహద్దు దాటే మనిషి బాధ వాళ్ళకూ తెలిసింది.

సరిహద్దు బాధ మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. మనం కదలకుండానే మన రాష్ట్రాలు మారాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడితే బరంపురంలోని తెలుగువాళ్ళు మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వెళ్ళారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే బళ్ళారి మైసూరులో కలిసింది. 1954లో యానాం ఫ్రెంచివాళ్ళ చేతి నుంచి బయటపడింది. మద్రాసులో 1926లోనే నర్సులు, మంత్రసానుల రిజిస్టరు కోసం చట్టం వచ్చింది. అంటే కాన్పు చేసే చేతికి ఒక పేరు, ఒక నంబరు ఇవ్వాలన్న ఆలోచన మన ప్రాంతంలో అమెరికా అసిస్టెంటు కంటే నలభై ఏళ్ళు ముందే ఉంది. రిజిస్టరులో పేరున్న మంత్రసానికి ప్రభుత్వం దగ్గర గుర్తింపు ఉండేది. పేరు లేని మంత్రసానిని ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళు తలుచుకున్నారేమో గానీ, కాగితాలు తలుచుకోలేదు.

ఫిజియోథెరపీకి మన దేశంలో అలాంటి రిజిస్టరు చాలా ఆలస్యమైంది. బొంబాయిలో 1950ల మొదట్లో పోలియో ప్రబలాక, పరేల్‌లోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో శిక్షణ మొదలైంది. 1955లో థెరపిస్టుల జాతీయ సంఘం ఏర్పడింది. ఒరిస్సాలో కటక్ దగ్గర ఓలత్‌పూర్‌లో 1975లో పునరావాస సంస్థ వచ్చింది.

వీటన్నిటిలోనూ మనకు దగ్గరి కథ వేలూరుది. చిత్తూరుకు కూతవేటు దూరంలో, తమిళం తెలుగు రెండూ వినిపించే ఊరు అది. 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు వల్ల వంగిపోయిన వేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేయడం మొదలుపెట్టారు. స్నాయువును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చి కుట్టడంతో పని అయిపోదు. ఆ చెయ్యి ముద్ద కలుపుకోవడం, గ్లాసు పట్టుకోవడం మళ్ళీ నేర్చుకోవాలి. వారాల తరబడి రోజూ పక్కన కూర్చుని నేర్పే మనిషి కావాలి. డాక్టరుకు అంత సమయం ఉండదు, థెరపిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టే సంఖ్యలో ఉన్నారు. అందుకని వేలూరులోనూ, పక్కనే కరిగిరిలోనూ సహాయకులకు శిక్షణ ఇచ్చారు. 'ఫిజియో టెక్నీషియన్' అన్న మాట దక్షిణ భారత కుష్ఠు ఆసుపత్రుల్లో మామూలు మాట అయింది. అదే వేలూరు కళాశాలలో, 1954లో ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడ్డ డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు, తర్వాత పునరావాస విభాగాన్ని నిలబెట్టారు.

ఆ డాక్టర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఉండాలి కూడా. ఆ టెక్నీషియన్ల పేర్లు ఎక్కడున్నాయి? అమెరికా 1967 తర్వాత సహాయకుడికి చదువు, పరీక్ష, నంబరు ఇచ్చింది. మనం సహాయకుడి చేతికి పని ఇచ్చాం, పేరు ఇవ్వడం మరిచిపోయాం. మేము చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

థెరపిస్టులకు కూడా ఆ పేరు తేలిగ్గా రాలేదు. 1992లో వచ్చిన పునరావాస మండలి చట్టం జాబితాలో ఫిజియోథెరపిస్టులు లేరు. ఢిల్లీ 1997లో, మహారాష్ట్ర 2002లో సొంత చట్టాలు చేసుకున్నాయి. 2007లో లోక్‌సభకు వచ్చిన బిల్లు చట్టం కాలేదు. చివరికి 2021 మార్చిలో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ చట్టం వచ్చింది. ప్రతి రాష్ట్రానికీ ఒక కౌన్సిల్, ఒక రిజిస్టరు ఉండాలని అది చెబుతోంది. ఆరోగ్య వృత్తి నిపుణుడికి కనీసం 3,600 గంటల డిగ్రీ, అనుబంధ వృత్తికి కనీసం 2,000 గంటల చదువు ఉండాలంది. జాబితాలో పది వర్గాలు, యాభైకి పైగా వృత్తులు ఉన్నాయి. అందులో ఫిజియోథెరపిస్ట్ ఉన్నాడు. ఫిజియోథెరపీ అసిస్టెంట్ అని విడిగా ఒక వరుస మాత్రం లేదు.

దీని అర్థం మన ఇళ్ళలో చాలామందికి తగులుతుంది. క్లినిక్కులో పదిహేనేళ్ళుగా మోకాళ్ళకు కసరత్తు చేయిస్తున్న అన్నయ్య, ఇంటింటికీ వెళ్ళి పక్షవాతం రోగులను నడిపిస్తున్న అక్కయ్య ఏ వరుసలో నిలబడాలి? వాళ్ళ తరఫున అడగాల్సింది సంఘాలే. అమెరికాలో కూడా ఆ హోదా కోసం ముందు తీర్మానం చేసింది వృత్తి సంఘమే. మన రాష్ట్రాల కౌన్సిళ్ళకు మర్యాదగా, లిఖితపూర్వకంగా ఈ ప్రశ్న పంపుదాం.

ఈలోగా ఇంట్లో చేసుకోవలసిన పనులు మూడు ఉన్నాయి.

ఒకటి, పేరు. ఆంధ్రలో ఇంటి పేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరు ఇనీషియల్ అవుతుంది. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు వరుసగా రాస్తారు. ఒకే పిల్లకు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, డిగ్రీలో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉంటున్నాయి. అమెరికా పరీక్ష హాలులో గుర్తింపు కార్డు మీది పేరు, దరఖాస్తులోని పేరు ఒకటిగా లేకపోతే లోపలికి పంపరు. పిల్లలు చదువుతుండగానే సరిచేయించండి.

రెండు, గంటలు. కోర్సులో చేర్పించే ముందు ఎన్ని గంటల చదువు, ఎన్ని గంటల ఆసుపత్రి పని అని అడగండి. చెప్పలేని చోట ఫీజు కట్టకండి. చదువయ్యాక సబ్జెక్టుల వారీగా గంటలు రాసిన కాగితం కళాశాల నుంచి తీసుకుని భద్రపరచండి.

మూడు, గడువు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు రెన్యువల్ తేదీని ఇంటి క్యాలెండరులో పండుగల పక్కన రాసుకోండి.

ఇంట్లో ఇలా రోగులకు సాయపడే పని చేస్తున్నవాళ్ళు, పూర్వం చేసినవాళ్ళు ఎవరున్నా వాళ్ళ పేరు, ఊరు, ఏ సంవత్సరాల్లో పనిచేశారో సంఘానికి రాసి పంపండి. సర్కారు రిజిస్టరు వచ్చేదాకా మన దగ్గర ఒక నోటుబుక్కయినా ఉండాలి.