హ్యాండిల్ ఎత్తు, మణికట్టు నొప్పి

1960లలో ట్రయంఫ్ వాళ్ళు మెరిడెన్ ఫ్యాక్టరీలో బోనవిల్ బండిని రెండు రకాలుగా తయారుచేసేవారు. ఇంజిను ఒకటే. ఇంగ్లండులో అమ్మేదానికి కిందికి ఉండే హ్యాండిల్, పెద్ద పెట్రోలు ట్యాంకు. అమెరికాకు ఓడెక్కేదానికి ఎత్తుగా లేచి చేతుల దాకా వచ్చే హ్యాండిల్, చిన్న ట్యాంకు. నేనుండే బర్మింగ్‌హామ్ నుంచి మెరిడెన్ ఎంతో దూరం కాదు. 1983లో ఫ్యాక్టరీ మూతపడ్డాక అక్కడ ఇళ్ళు కట్టేశారు. ఒక వీధికి మాత్రం బోనవిల్ పేరు పెట్టారు.

ఒకే బండికి రెండు హ్యాండిళ్ళు ఎందుకు? అమెరికా కుర్రాళ్ళకు ఛాతీ విరుచుకుని కూర్చోవాలి. ఇంగ్లండు కుర్రాళ్ళకు ట్యాంకు మీద బోర్లా పడుకోవాలి. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కఫే దగ్గర చేరినవాళ్ళు అసలు హ్యాండిల్‌నే పీకేసి, ముందు ఫోర్కు గొట్టాలకు చెరొక పక్క చిన్న ముక్కలు బిగించేవారు. వాటినే క్లిప్-ఆన్‌లు అంటారు. రేసు బళ్ళ నుంచి తెచ్చుకున్న ముచ్చట అది. రాయల్ ఎన్‌ఫీల్డ్ దాన్ని చూసి, 250 సీసీ కాంటినెంటల్ జీటీని ఫ్యాక్టరీలోనే క్లిప్-ఆన్‌లతో తయారుచేసి అమ్మింది. ప్రచారం కోసం స్కాట్లండ్ కొస నుంచి ఇంగ్లండ్ కొస దాకా ఇరవై నాలుగు గంటల లోపే నడిపించారు కూడా. దారిలో మనుషులు మారుతూ నడిపారు లెండి. ఒక్కడి మణికట్లయితే ఏమయ్యేవో!

ఇందులో కిటుకు గాలిది. ముందుకు వంగి వేగంగా పోతుంటే ఎదురుగాలి ఛాతీని మోస్తుంది, చేతుల మీద బరువు తగ్గుతుంది. అదే భంగిమలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ బరువంతా మణికట్ల మీదే. నిటారుగా కూర్చుంటే చేతులకు హాయే కానీ, ప్రతి గుంతా నేరుగా వెన్నుపూసకు చేరుతుంది, వేగం పెరిగితే గాలికి మనిషి తెరచాప అవుతాడు. రెండూ ఉచితం కాదు.

అమెరికా వాళ్ళు ఇంకా దూరం వెళ్ళారు. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్' సినిమాలో పీటర్ ఫోండా చేతులు పైకెత్తి పట్టుకున్న ఆ హ్యాండిల్ ప్రపంచమంతా తెలుసు. ఆ బండిని తీర్చిదిద్దిన క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి పనివాళ్ళ పేర్లు మాత్రం సినిమా టైటిల్స్‌లో లేవు. హ్యాండిల్ చరిత్ర చెప్పేవాళ్ళు ఫోండా దగ్గర ఆగిపోవడం నాకు నచ్చదు.

మనవైపు కథ వేరు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఇక్కడ ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్ తయారీ 1970తో ముగిసిపోయినా అక్కడ బుల్లెట్ ఆగలేదు, దాని నిటారు భంగిమా పోలేదు. వెనక ఒకరు, ముందు ట్యాంకు మీద ఒక పిల్లవాడు కూర్చునే బండికి బోర్లా పడుకునే హ్యాండిల్ ఎవరు పెడతారు?

ఇప్పుడు నా సంగతి. యాభై దాటాక గంట ప్రయాణానికే చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఇంకా నడుపుతావా?" నేను మానదలచుకోలేదు. రైజర్లు తెప్పించాను. హ్యాండిల్‌కీ దాని బిగింపుకీ మధ్య పెట్టే అల్యూమినియం దిమ్మెలవి, 30 మిల్లీమీటర్ల ఎత్తు. ఇంతేనా అనిపిస్తుంది కానీ మోచేయి వంగడానికి ఆ మాత్రం చాలు. కొనేముందు హ్యాండిల్ గొట్టం మందం చూసుకోవాలి: పాత బ్రిటిష్, జపాన్ బళ్ళవి ఎక్కువగా 22 మిల్లీమీటర్లు, హార్లీలవి అంగుళం. బిగించాక ఇంజిను ఆన్ చేసి, హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఇంజిను చప్పుడు దానంతట అదే పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగబడుతున్నట్టే. అలా రోడ్డెక్కితే మలుపులో ప్రాణం మీదికి వస్తుంది. బ్రేకు గొట్టం బిగుసుకున్నా అంతే, పొడుగుది వేయించాలి.

నా బండికి క్లచ్ కేబుల్ సరిపోలేదు. కొత్తది వచ్చేవారం వస్తుంది.