పిల్లల మూలలో రెండు లిపులు: ఏటికొప్పాక లక్కపిడతల నుంచి పొందూరు కుర్తా దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మన ఇళ్లలో పిల్లల చెవిన పడే భాషలు లెక్కేస్తే మూడు నాలుగు తేలతాయి. వీధిలో తెలుగు, దాదీ నానీల దగ్గర ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, ఖాయిదా ముందు కూర్చుంటే అరబీ. ఇచ్ఛాపురం వైపు వెళ్తే ఒడియా కూడా కలుస్తుంది. ఇన్ని వింటున్నా కంటికి కనబడేది మాత్రం ఎక్కువగా ఒక్కటే. గోడ మీద చార్టు ఇంగ్లీషు, బ్యాగు మీద రాత ఇంగ్లీషు, నీళ్ల సీసా మీదా అదే. అందుకే చాలా ఇళ్లలో పదేళ్ల పిల్లలు ఉర్దూ గడగడా మాట్లాడతారు గానీ నానీ రాసిన రెండు ముక్కలు చదవలేరు. కొన్నిచోట్ల తెలుగుకీ అదే గతి పడుతోంది.

పిల్లలకి కొనే బొమ్మ, కుట్టించే బట్ట, గోడకి తగిలించే కాగితం కొంచెం ఆలోచించి ఎంచుకుంటే ఈ పరిస్థితి చాలావరకు మారుతుంది. ఖరీదైన వస్తువులే అక్కర్లేదు. మన చుట్టుపక్కల తయారయ్యేవే ఆన్‌లైన్‌లో కనబడే ప్లాస్టిక్ సామాన్ల కంటే అందంగా ఉంటాయి.

ముందుగా ఒక భయం సంగతి. "రెండు మూడు భాషలు మాట్లాడితే బిడ్డకి మాటలు ఆలస్యం అవుతాయి" అని పెద్దవాళ్లు అంటుంటారు. భాషలు ఎక్కువైనందువల్ల మాటలు ఆలస్యం కావు. బిడ్డకి వచ్చిన మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగువి, ఉర్దూవి కలిపి లెక్కపెట్టాలి. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి మాట్లాడకపోతే తప్పు భాషల మీద వెయ్యకుండా పిల్లల డాక్టరుకి చూపించి, వినికిడి పరీక్ష చేయించాలి.

లక్కపిడతలు

మొదట కొనాల్సినది ఏదంటే లక్కపిడతలే అంటాను. విశాఖ దాటి తుని దారిలో వెళ్తే, హైవే మీది అడ్డరోడ్డుకి దగ్గర్లో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. అక్కడ అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. అంకుడు మెత్తటి కర్ర, సులువుగా చెక్కుడు పడుతుంది. లేత్ మీద తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పొరలా అంటుకుంటుంది. ఆ నునుపు, మెరుపు అంతా అలా వచ్చినదే. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి చెట్ల రంగుల్ని మళ్లీ ఈ పనిలోకి తేవడానికి కృషి చేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకి జీఐ గుర్తింపు 2017లో దక్కింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా వీటి మీదే.

రాజు, రాణి బొమ్మలే కాదు, అక్కడ వంట సామాను, బొంగరాలు, గిలక్కాయలు కూడా చేస్తారు. మనుషుల, జంతువుల రూపాలు ఇంట్లో వద్దనుకునే కుటుంబాలకి ఇవి ఇబ్బంది లేనివి. పైగా భాషకి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం దొరకదు. ప్రతి వస్తువుకీ రెండు పేర్లున్నాయి: పొయ్యి అంటే చూల్హా, తిరగలి అంటే చక్కీ, చెంబు అంటే లోటా, బుట్ట అంటే టోక్రీ, బొంగరం అంటే లట్టూ, గిలక్కాయ అంటే ఝున్‌ఝునా. అమ్మ తెలుగులో అడిగితే ఒకలా, దాదీ ఉర్దూలో అడిగితే ఇంకోలా అదే వస్తువు తెచ్చి ఇవ్వడం పిల్లలకి ఆట. రోజూ పావుగంట ఆడితే చాలు, పాఠం అని చెప్పనే అక్కర్లేదు.

కొనేటప్పుడు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలన్నీ ఇందులోకి వస్తాయి. కానీ జీఐ కింద నమోదైన తయారీదారులకి, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద ఐఎస్ఐ లేదని కంగారు పడొద్దు. సంతలో దొరికే ప్లాస్టిక్ బొమ్మ మీద లేకపోతే మాత్రం కొనకండి. జాతర్లలో, ఉర్సుల్లో అమ్మే రంగురంగుల కర్ర బొమ్మలన్నీ ఏటికొప్పాకవి కావు. కొన్నిటికి మామూలు పెయింటు వేసేస్తారు. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016 నాటి కేంద్ర నిబంధన ఉన్నా, సంతలో బొమ్మకి ఏ డబ్బాలోది పూశారో మనకి తెలియదు. గోటితో గీస్తే పెచ్చులుగా లేచే రంగు ఉన్న బొమ్మని నోట్లో పెట్టుకునే వయసు బిడ్డకి ఇవ్వొద్దు.

మూడేళ్ల లోపు పిల్లలకి సుమారు 3 సెంటీమీటర్ల కంటే సన్నగా ఉన్న ముక్కలు గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. లక్కపిడతల సెట్టులో చిన్న మూతలు, గరిటెలు తీసి పైన దాచి, పెద్దయ్యాక ఇవ్వండి. ఇంకోమాట, శానిటైజర్‌తో లక్క బొమ్మల్ని తుడవకూడదు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, మెరుపంతా పోయి జిగటగా తయారవుతుంది. వేడినీళ్లూ వద్దు. తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు.

గోడ మీద అక్షరాలు

ఈ ప్రాంతంలో ఈ లిపి నిన్నమొన్న వచ్చింది కాదు. శ్రీకాకుళం జామియా మసీదు 1641లో గోల్కొండ పాలన నాటిది. ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అని రాసుకున్న ఆ ఊరి పేరుతోనే ఒక సర్కారు నడిచింది. అన్నాళ్ల సావాసం తెలుగులో కూడా మిగిలింది. కుర్చీ, కాగితం, కలం, రుమాలు, సబ్బు, జేబు, బజారు. ఇవన్నీ ఉర్దూలో కుర్సీ, కాగజ్, ఖలమ్, రూమాల్, సాబున్, జేబ్, బాజార్.

ఇంట్లో వస్తువులకి పేర్ల చీటీలు అంటించాలనుకుంటే ఈ మాటలతోనే మొదలుపెట్టండి. కుర్చీ వెనక తెలుగులో "కుర్చీ", దాని కింద ఉర్దూ లిపిలో "కుర్సీ". శబ్దం దాదాపు ఒకటే, లిపి మాత్రం వేరు. అప్పుడు పిల్లలు మాట కోసం తడుముకోరు, అక్షరాల మీదే చూపు పెడతారు. ఒకటి ఎడమ నుంచి కుడికి, ఇంకోటి కుడి నుంచి ఎడమకి నడుస్తుందని వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. తెలుగు ఎప్పుడూ ఒక రంగులో, ఉర్దూ ఎప్పుడూ ఇంకో రంగులో రాస్తే గందరగోళం ఉండదు. చీటీలు పదిహేను దాటనివ్వకండి. గోడంతా కాగితాలు అంటిస్తే ఎవరూ చూడరు.

కంప్యూటర్‌లో ప్రింటు తీసేవాళ్లు లిపి సంగతి చూసుకోవాలి. ఖాయిదాలో ఉండేది నస్ఖ్. ఉర్దూ పుస్తకాల్లో ఉండేది నస్తాలిక్, అక్షరాలు ఏటవాలుగా కిందికి జారుతూ ఉంటాయి. ఖాయిదా బాగా చదివే పిల్లలు ఉర్దూ పుస్తకం తెరిచి తెల్లబోయేది ఇందుకే. పే, చే, టే, డాల్, గాఫ్ లాంటి ఉర్దూ అక్షరాలు అరబీలో అసలు లేవు. ఉర్దూ చార్టు అని అమ్మేదాంట్లో ఇవి ఉన్నాయో లేదో చూసి తీసుకోండి, కొన్నిసార్లు అరబీ చార్టునే ఉర్దూ అని అంటగడతారు. ఉచితంగా దొరికే నోటో నస్తాలిక్ ఉర్దూ ఫాంటు ఇంటి అవసరాలకి సరిపోతుంది. తెలుగుకి గూగుల్ ఫాంట్స్‌లో మండలి ఉంది, మన విజయనగరం కవి పేరుతో గురజాడ ఫాంటూ ఉంది. రెండూ ఒకే సైజులో పెడితే నస్తాలిక్ చిన్నగా కనబడుతుంది. తెలుగు 48 పాయింట్లయితే ఉర్దూ 70 దాకా పెంచాలి. తెలుగు వత్తుల కోసం కింద కాస్త జాగా వదలాలి.

ఇంత చెప్పాక, ప్రింటు కంటే నానీ చేతిరాత బాగుంటుందని నా అభిప్రాయం. రాయడం వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పెన్ను వాళ్లకే ఇవ్వండి.

చీటీలు, పుస్తకాలు బిడ్డ కంటి ఎత్తులో ఉండాలి. నాలుగేళ్ల పిల్లల ఎత్తు సుమారు ఒక మీటరు. మన ఎత్తుకి తగిలించిన చార్టు వాళ్లకి ఎక్కడో పైన మేడ మీద ఉన్నట్టే. అద్దె ఇంట్లో మేకులు కొట్టనివ్వకపోతే కిటికీ చువ్వకి తాడు కట్టి క్లిప్పులు పెట్టండి. పుస్తకాల్ని అట్ట ముందుకి కనబడేలా నిలబెట్టాలి. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది కాబట్టి తెలుగు పుస్తకాల పక్కన మామూలుగా పేరిస్తే దాని ముఖం వెనక్కి పోయినట్టు ఉంటుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తెలుగులోనూ, ఉర్దూలోనూ తక్కువ ధరకి వస్తాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో రెండు భాషల కథలూ ఉచితంగా చదవొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ఉర్దూ కాస్త చదవడం వచ్చాక జాతీయ ఉర్దూ అభివృద్ధి మండలి వారి మాసపత్రిక 'బచ్చోం కీ దునియా' తెప్పించొచ్చు.

ఈద్‌కి కుట్టించే బట్ట

మన తీరప్రాంతం ఉక్కపోతలో పాలిస్టర్ షేర్వాణీ వేసుకున్న మూడేళ్ల పిల్లాడు నమాజు అయ్యేలోపే ఏడుపు మొదలుపెడతాడు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ ఇందుకు సరైన బట్ట. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో సన్న నూలు వడికి నేస్తారు, ఒంటికి గాలి తగులుతుంది. ధర ఎక్కువే. కాకపోతే పిల్లల కుర్తాకి పట్టే బట్ట తక్కువ. అంచులో రెండు మూడు అంగుళాలు మడిచి కుట్టిస్తే వచ్చే ఏడు దించుకోవచ్చు, తర్వాత తమ్ముడికి వస్తుంది. జరీ, అద్దాల పని పెట్టిస్తే లోపల నూలు లైనింగ్ వేయించండి. చిన్నపిల్లల మెడ దగ్గర లాగే తాళ్లు పెట్టించకండి, ఉయ్యాలకో తలుపు గడియకో చిక్కుకుంటాయి. దర్జీకి ఇచ్చేముందు బట్టని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయడం మర్చిపోవద్దు. ఖాదీ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, కొలతలు ఆ తర్వాతే ఇవ్వాలి.