పెన్సిల్ సెల్‌తో మూడు వారాలు

నారాయణఖేడ్ బజారులో ఏ కిరాణా కొట్టులో అడిగినా పెన్సిల్ సెల్ దొరుకుతుంది. గోడ గడియారం ఆగిపోతే వేసేది అదే. 1999 జనవరిలో కెనడాలోని వాటర్లూ నుంచి బ్లాక్‌బెర్రీ పేరుతో తొలిసారి బజారుకెక్కిన మెయిల్ యంత్రం కూడా అలాంటి సెల్ ఒక్కదాంతోనే నడిచింది. ఒకటి రెండు రోజులు కాదు, దాదాపు మూడు వారాలు! పొద్దున నిండా చార్జింగ్ చేసిన ఫోను మాపటికల్లా నీరసించే ఈ రోజుల్లో ఈ సంగతి తెలిస్తే ముచ్చటేస్తుంది. ఎలా కుదిరిందా అని కూపీ లాగితే కథ ఫోను దగ్గర ఆగదు. ఆఫీసు వెనక గదిలో రాత్రింబవళ్లు గుయ్యిమనే సర్వర్ దగ్గరికీ, దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి దగ్గరికీ తీసుకెళ్తుంది.

కిటుకు ఇది. మామూలు మెయిల్ ప్రోగ్రాం ఐదు నిమిషాలకోసారి సర్వర్ గడప తొక్కి "ఏమైనా వచ్చిందా?" అని అడుగుతుంది. అడిగినప్పుడల్లా రేడియో మేల్కొంటుంది, సెల్ కరుగుతుంది. బ్లాక్‌బెర్రీ అడగదు. ఆఫీసులోని సర్వరే ఉద్యోగి మెయిల్‌పెట్టె మీద కన్నేసి, ఉత్తరం పడగానే తీసి, కుదించి, తాళం వేసి పంపేది. అదీ ముందు 2 కిలోబైట్లే. మిగతాది చదివేవాడు కిందికి జరిపితేనే వచ్చేది. పనంతా సర్వర్‌ది, విశ్రాంతి ఫోనుది.

తాళం వేసి పంపే ఈ పద్ధతి నారాయణఖేడ్ ప్రాంతానికి బొత్తిగా కొత్తదేమీ కాదు. ఈ ఊరు నిజాం రాజ్యంలో ఉన్నది. 1869 నుంచి ఆ రాజ్యానికి సొంత తపాలా బిళ్లలుండేవి. కచేరీ నుంచి కచేరీకి సంచి మోసే హర్కారాకు లోపల ఏముందో తెలియదు, తెలియనక్కర్లేదు. మూతికి వేసిన లక్కముద్ర చెదరకుండా చేర్చడమే అతని పని. ఆ తర్వాత తంతి వచ్చింది, టెలిఫోను వచ్చింది, 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ దేశంలో ఇంటర్నెట్టును జనానికి అందించింది. అదే రోజుల్లో నడుముకు పేజర్లు వేలాడాయి. వాటిలో కబురు అందడమే తప్ప బదులు పలికే వీలు లేదు. ఆ లోటు తీర్చిన యంత్రానికే బ్లాక్‌బెర్రీ అని పేరు పెట్టారు. మీటలు పండు మీది గింజల్లా కనిపించాయట. ముందు స్ట్రాబెర్రీ అనుకుని, పలకడానికి సాగుతోందని మానుకున్నారట.

2004లో ఎయిర్‌టెల్ ద్వారా బ్లాక్‌బెర్రీ మన దేశానికి వచ్చింది. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి ఆరేళ్లు. అక్కడి నుంచి ఓ ఎనిమిదేళ్లు సర్వర్ గది మనుషుల స్వర్ణయుగం.

బ్లాక్‌బెర్రీ ఎంటర్‌ప్రైజ్ సర్వర్‌ను అందరూ ముద్దుగా 'బెస్' అనేవాళ్లు. అది కంపెనీ గోడల లోపలే ఉండేది. బయటి నుంచి ఎవరూ దానిలోకి రాలేరు. అదే 3101 నంబరు ద్వారం గుండా బయటికి వెళ్లి, తయారీదారు రిమ్ కంపెనీ కేంద్రంతో మాట్లాడేది. ఆ కేంద్రం అచ్చంగా హర్కారా: మూట మోస్తుంది, ముద్ర విప్పలేదు. తాళంచెవులు రెండే. ఒకటి ఉద్యోగి చేతిలోని ఫోనులో, రెండోది ఆఫీసు సర్వర్‌లో.

అందుకే మెయిల్ ఆగితే ఫిర్యాదు ఖండాలు దాటేది కాదు, పై అంతస్తుకు వెళ్లేది. సర్వర్ చూసుకునే అడ్మిన్ మొదటి ప్రశ్న విచిత్రంగా ఉండేది: "సార్, తెర పైన జీపీఆర్ఎస్ అన్న ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో ఉన్నాయా, చిన్నబడిలో ఉన్నాయా?" పెద్దబడి అయితే డేటా అందుతున్నట్టు. చిన్నబడి అయితే టవర్ ఉంది, డేటా లేదు. అక్షరాల సైజు బట్టే తప్పు ఊరి టవర్‌దో ఆఫీసు సర్వర్‌దో సగం తేలిపోయేది. రెండో మాట, బ్యాటరీ పీకి మళ్లీ పెట్టండి. ఇది వంకతో చెప్పే మాట కాదు, నిజంగానే పనిచేసే మందు. ఇక పాస్‌వర్డ్ పదిసార్లు తప్పితే ఫోను తనను తానే తుడిచేసుకునేది. జేబులో మీటలు వాటంతటవే నొక్కుకుని ఆ ప్రమాదం రాకూడదని, మధ్యలో 'బ్లాక్‌బెర్రీ' అన్న మాటను అక్షరం అక్షరం టైపు చేయించేది. ఎంత ముందుచూపు!

ఆ రోజుల పరిశోధనకు ఒక్క ఉదాహరణ చాలు. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్‌లో ఒక నిబంధన మార్చింది. ఒకరి పేరు మీద ఇంకొకరు మెయిల్ పంపాలంటే ఇకపై విడిగా అనుమతి ఉండాలి. బెస్ చేసే పనే అది. ఫోన్లకు మెయిళ్లు వస్తున్నాయి, వెళ్లడం లేదు. అడ్మిన్లు అనుమతి ఇచ్చారు, పనిచేసింది. కొందరి ఫోన్లలో మాత్రం గంట తిరక్కముందే మళ్లీ అదే గొడవ. మళ్లీ ఇచ్చారు, మళ్లీ పోయింది. చివరికి దొరికిన కారణం: పెద్ద అధికారాలున్న ఖాతాలను కాపాడటానికి విండోస్ గంటకోసారి వాటి అనుమతులను పాత స్థితికి తెచ్చేస్తుంది. కొత్తగా ఇచ్చింది ఆ ఊపులో తుడిచిపెట్టుకుపోతోంది. అలాంటి ఖాతాలు ఎక్కువగా ఐటీ వాళ్లవే. మందు వేస్తున్న వైద్యుడికే రోగం తిరగబెట్టినట్టు! పెద్ద అధికారాలకు ఒక ఖాతా, రోజువారీ మెయిల్‌కు వేరే ఖాతా పెట్టుకున్నవాళ్లు ఒడ్డున పడ్డారు. ఆ అలవాటు నేటికీ మంచిదే.

2010లో ఈ తాళంచెవుల ఏర్పాటు ఢిల్లీ దాకా పాకింది. భద్రతా సంస్థలకు సందేశాలు చదివే వీలు కావాలని కేంద్ర ప్రభుత్వం ఆగస్టు 31 గడువు పెట్టింది. కార్పొరేట్ మెయిల్‌కు తమ దగ్గర మాస్టర్ తాళంచెవి అంటూ లేదని రిమ్ చెబుతూ వచ్చింది. మరుసటి ఏడు అక్టోబరు 10న హర్కారాయే కూలబడ్డాడు. రిమ్ వ్యవస్థలో ఒక ప్రధాన స్విచ్ చెడిపోయింది, దాని బదులు అందుకోవాల్సిన ఏర్పాటు అందుకోలేదు. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియాలతో పాటు మన దేశంలోనూ రోజుల తరబడి మెయిళ్లు నిలిచిపోయాయి. తమ సర్వర్ నిక్షేపంగా ఉన్నా అడ్మిన్లు చేయగలిగింది లేకపోయింది.

తర్వాతి కాలం తొందరగా నడిచిపోయింది. అప్పటికే 2008లో ఐఫోన్ నేరుగా ఎక్స్చేంజ్‌తో మాట్లాడటం నేర్చింది, మధ్యలో బెస్ అక్కర్లేకపోయింది. మెయిల్ సర్వర్లే ఆఫీసు వదిలి క్లౌడ్‌లోకి వెళ్లాయి. 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఆ దారినే కంపెనీకి రాచబాట చేశారు. సౌకర్యం పెరిగిన మాట నిజం. కానీ తాళంచెవి మన గదిలో ఉండటమూ, చెడితే పిలిస్తే పలికే మనిషి ఒకడుండటమూ చిన్న విషయాలు కావు. ఆ మనిషి స్థానంలో ఇప్పుడు టికెట్ నంబరు మిగిలింది. ఇది నష్టమే.

2022 తొలివారం ఈ రెండు లోకాలనూ పక్కపక్కన పెట్టింది. జనవరి 1న ప్రపంచమంతటా ఆఫీసుల్లో మిగిలి ఉన్న ఎక్స్చేంజ్ సర్వర్లలో మెయిళ్లు ఆగిపోయాయి. వైరస్ వెతికే భాగం తేదీని 2201010001 అన్న సంఖ్యగా రాసుకుంది. దానికిచ్చిన గడిలో పట్టేది 2147483647 వరకే. ఏడాది మారగానే సంఖ్య గడి దాటింది. మూడు రోజులకు, జనవరి 4న, పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలు శాశ్వతంగా నిలిచిపోయాయి. ఆ కంపెనీయే 2023లో హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం పెడుతున్నట్టు ప్రకటించింది. ఫోన్ల కోసం కాదు, కార్ల వంటి యంత్రాల్లో నడిచే సాఫ్ట్‌వేర్ కోసం.

తేదీ తెచ్చే తంటా మాత్రం ఇంకా ఉంది. చార్జింగ్ పూర్తిగా దిగిపోయి చాలాకాలం మూలన పడున్న ఫోను కొన్నిసార్లు 1970 జనవరి 1 చూపిస్తూ లేస్తుంది. సర్వర్ చూపే ధ్రువపత్రం ఆ తేదీకి ఇంకా పుట్టనే లేదు కాబట్టి ఫోను దాన్ని నమ్మదు, ఆఫీసు మెయిల్ తెరుచుకోదు. ఖేడ్ బస్టాండు దగ్గరి సెల్ రిపేరు కొట్టులోనైనా, హైటెక్ సిటీ అద్దాల మేడలోనైనా చేయాల్సింది ఒకటే: సెట్టింగుల్లోకి వెళ్లి తేదీ, సమయం సరిచేయాలి. ఆపై ఫోను సర్వర్‌ను మళ్లీ పలకరిస్తుంది. ఆగిన ఉత్తరాలు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి.